147 కిలోమీటర్లకు ఎన్ని గంటలు?

ఖతర్ రాజధాని దోహాలోని హమద్ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి బహ్రెయిన్ విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే 147 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు రోడ్డు మీద ఉన్నంత దూరం. ఫోనులో వెతికితే ఈ అంకె క్షణంలో దొరుకుతుంది. దాని పక్కనే ప్రయాణ సమయం కూడా కనిపిస్తుంది: ముప్పావుగంట, మహా అయితే యాభై నిమిషాలు. మొదటి అంకెతో నాకు పేచీ లేదు. రెండో అంకెతోనే నా పేచీ అంతా. 2017 జూన్ మొదటి వారం నుంచి 2023 మే 25 దాకా, అంటే ఆరేళ్లకు కొద్ది రోజులు తక్కువగా, ఆ రెండు ఊళ్ల మధ్య మామూలు ప్రయాణికుల విమానం ఒక్కటి కూడా నేరుగా నడవలేదు. ముప్పావుగంట అన్న మాటకు ఆ ఆరేళ్లూ అర్థం లేదు.

నేను వాదించదలచుకున్నది ఒక్కటే. పొరుగు దేశాల మధ్య మామూలు జనం ఎక్కే విమానాన్ని రాజకీయ తగాదాలో ఆయుధంగా వాడుకునే హక్కు ప్రభుత్వాలకు ఉండకూడదు. ప్రాణాలకు ముప్పుంటే ఆపండి, ఎవరూ కాదనరు. కోపం వచ్చిందని మాత్రం ఆపకండి.

ముందు ఆ ముప్పావుగంట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. విమానం గేటు దగ్గర బ్రేకులు వదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయాన్ని విమానయాన సంస్థలు బ్లాక్ టైమ్ అంటాయి. టిక్కెట్టు మీద మనకు కనిపించేది అదే. దోహా, బహ్రెయిన్ మధ్య ఆ సమయంలో విమానం గాలిలో ఉండేది సగానికి కాస్త ఎక్కువ. మిగిలినదంతా రన్‌వే దాకా నేల మీద నడక, వరుసలో నిరీక్షణ, దిగాక మళ్లీ నడక. పైకి లేచి సీటు బెల్టు గుర్తు ఆరీ ఆరగానే సిబ్బంది పరుగు పరుగున జ్యూసు డబ్బాలు పంచేవారు. గొట్టం గుచ్చి నాలుగు గుక్కలు తాగేలోపే ఖాళీ డబ్బాలు తీసుకోవడానికి సంచీ పట్టుకుని వచ్చేవారు. కిటికీలోంచి చూస్తే లోతు తక్కువ సముద్రం లేత ఆకుపచ్చగా, దాని కింద ఇసుక మేటలు తెల్లగా కనిపించేవి. ఆ రంగు మారకముందే దిగేవాళ్లం.

నేను అప్పట్లో దోహాలో ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూసేవాడిని. మా అన్న బహ్రెయిన్ రాజధాని మనామాలో ఏసీ మెకానిక్. మాది జగిత్యాల వైపు పల్లె. మా ప్రాంతంలో ఒకే ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు గల్ఫ్‌కు పోవడం, ఒక్కొక్కరు ఒక్కో దేశంలో తేలడం మామూలే. ఏజెంటు ఎక్కడి వీసా తెస్తే అక్కడికి. మేమిద్దరం పక్కపక్క దేశాల్లో పడినందుకు అమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను.

ఆ రోజుల్లో కూడా అది నిజంగా ముప్పావుగంట ప్రయాణం కాదు. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి బయలుదేరితే మనామాలో అన్న గది తలుపు తట్టేసరికి రాత్రి పదిన్నర, పదకొండు అయ్యేది. విమానాశ్రయానికి పోవడం, ముందుగా చేరి కూర్చోవడం, రెండు చోట్లా పాస్‌పోర్టు వరుసలు, అవతల వీసా ముద్ర. దానికి ముందు ఇంకో మెట్టు ఉండేది. 2018లో చట్టం మార్చేవరకు ఖతర్‌లో పనిచేసే విదేశీయుడు దేశం దాటాలంటే యజమాని నుంచి ఎగ్జిట్ పర్మిట్ తెచ్చుకోవాలి. కఫీల్, అంటే ఆ యజమాని, సంతకం పెట్టకపోతే నీ టిక్కెట్టు వృథా. ప్రయాణ సమయాన్ని లెక్కించే వెబ్‌సైట్లు ఏవీ ఆ సంతకానికి పట్టే రోజులను కలపవు. అయినా సరే, ఐదారు గంటలకు అన్న ఇంట్లో ఉండేవాడిని. శుక్రవారం ఇద్దరం కలిసి వండుకుని తినేవాళ్లం. శనివారం రాత్రికి తిరిగి వచ్చేసేవాడిని. దాన్ని దగ్గర అనవచ్చు.

ఈ దగ్గరితనం వెనక ఒక చరిత్ర ఉంది. ఇప్పుడు బహ్రెయిన్ జాతీయ విమాన సంస్థగా ఉన్న గల్ఫ్ ఎయిర్ 1974లో నాలుగు ప్రభుత్వాల ఉమ్మడి ఆస్తిగా మారింది. బహ్రెయిన్, ఖతర్, అబుదాబి, ఒమన్ సమాన వాటాదారులు. ఖతర్‌కూ బహ్రెయిన్‌కూ ఒకే విమాన సంస్థ ఉండేదన్నమాట. 1994లో ఖతర్ ఎయిర్‌వేస్ ఎగరడం మొదలుపెట్టింది. 2002లో గల్ఫ్ ఎయిర్ నుంచి ఖతర్ తప్పుకుంది. తరువాత అబుదాబి, ఆ తరువాత ఒమన్ కూడా వెళ్లిపోయాయి. ఈలోగా ఖతర్, బహ్రెయిన్‌ల మధ్య హవార్ దీవుల తగాదా అంతర్జాతీయ న్యాయస్థానంలో ఏళ్ల తరబడి నడిచి 2001 మార్చిలో తీర్పు వచ్చింది. దీవులు బహ్రెయిన్‌కు, జుబారా అనే తీర ప్రాంతం ఖతర్‌కు. తీర్పును ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఊపులోనే సముద్రం మీద దాదాపు 40 కిలోమీటర్ల వంతెన కడదామన్నారు, దానికి స్నేహ వంతెన అని పేరు కూడా పెట్టారు. అది ఇప్పటికీ కాగితాల మీదే ఉంది. బహ్రెయిన్‌ను సౌదీతో కలిపే 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన మాత్రం 1986 నుంచీ ఉంది. కాబట్టి దోహా నుంచి మనామాకు రోడ్డు మీద పోవాలంటే సల్వా సరిహద్దు దాటి, సౌదీలో హోఫూఫ్ మీదుగా పైకి పోయి, ఆ వంతెన ఎక్కాలి. నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. పైగా మూడో దేశం వీసా కావాలి. మాలాంటివారికి విమానం తప్ప దారి లేదు.

2017 జూన్ 5 ఉదయం సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సల్వా సరిహద్దు మూసేశారు. విమానాలు ఆపేశారు. మూడు గల్ఫ్ దేశాల్లో ఉన్న ఖతర్ పౌరులు 14 రోజుల్లో వెళ్లిపోవాలన్నారు. భార్యది ఒక దేశం, భర్తది ఒక దేశం అయిన కుటుంబాలు అక్కడ తక్కువేమీ కాదు. వాళ్ల బాధ ముందు మాది చిన్నదే. మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టలేదు. ఉద్యోగం ఉంది, జీతం వచ్చింది. దారి మాత్రమే పోయింది.

దారి పోవడమంటే ఏమిటో లెక్క వేసి చూపిస్తాను. కువైట్, ఒమన్ ఎవరి పక్షానా చేరలేదు కాబట్టి వాటి మీదుగా పోవచ్చు. దోహా నుంచి కువైట్‌కు 570 కిలోమీటర్లు, అక్కడి నుంచి బహ్రెయిన్‌కు 420. మొత్తం 990. మస్కట్ మీదుగా అయితే అక్కడికి 700, అక్కడి నుంచి వెనక్కి బహ్రెయిన్‌కు 830, మొత్తం 1,500 దాటుతుంది. ఇవి కూడా పటం మీద గీసిన గీతలే. ఖతర్ విమానాలు సౌదీ, బహ్రెయిన్ గగనతలంలోకి పోలేక ఇరాన్ మీదుగా చుట్టు తిరిగేవి కాబట్టి అసలు దూరం ఇంకా ఎక్కువ. మధ్యలో రెండో విమానం కోసం కుర్చీల్లో గడిపే గంటలు కలిపితే పోవడానికే ఒక రోజు, రావడానికి ఇంకో రోజు. వారాంతపు సెలవు రెండు రోజులు అక్కడికే సరి. అన్న ముఖం చూసేదెప్పుడు? పైగా ఆ ఏడాది అక్టోబరు చివరలో బహ్రెయిన్ ప్రభుత్వం ఖతర్‌లో నివసించేవారికి వీసా నిబంధనలు బిగించింది. ఆ చుట్టు టిక్కెట్టు డబ్బుతో సొంతూరికే పోయి రావచ్చు. చివరికి మేం చేసింది అదే. ఇద్దరం ఒకేసారి సెలవు పెట్టుకుని ఇంటి దగ్గర కలిసేవాళ్లం. దోహా నుంచి శంషాబాద్ దాదాపు 2,900 కిలోమీటర్లు, బహ్రెయిన్ నుంచి 3,000. నూటయాభై కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఇద్దరు మనుషులు కలవడానికి ఇద్దరి ప్రయాణమూ కలిపి ఆరువేల కిలోమీటర్లు.

సంక్రాంతికి అమ్మ సకినాలు చేసి, మా వైపు నుంచి దోహాకు వచ్చే ఎవరో ఒకరి పెట్టెలో పంపేది. రెండు స్టీలు డబ్బాలు, మూతల మీద మార్కరుతో మా ఇద్దరి పేర్లు. మునుపు అన్న డబ్బా నేనే తీసుకుపోయి ఇచ్చేవాడిని. 2018లో కూడా రెండు డబ్బాలే వచ్చాయి. విమానాలు లేవని ఫోనులో చెబితే ఆమెకు అర్థం కాలేదు. "పక్కపక్కనే ఉన్నారు కదరా, ఎవరి చేతనైనా పంపించు" అంది. ఎవరి చేత పంపాలి? దోహాలో ఉన్నవాళ్లెవరూ అటు పోవడం లేదు. ఆ డబ్బా నా మంచం కింద ఉండి ఉండి, సకినాలకు నూనె వాసన పట్టింది. గదిలో మేం నలుగురం ఉండేవాళ్లం. తినమని అడిగినా, మూత మీద పేరు చూసి ఎవరూ తీసుకోలేదు.

గల్ఫ్‌లో పనిచేసేవాడికి సమయమంటే సెలవు. ఏడాదికి నెల రోజులు ఇచ్చే కంపెనీలున్నాయి, రెండేళ్లకు ఒకసారి ఇచ్చేవీ ఉన్నాయి. ఆ నెలలోనే పెళ్లిచూపులు, అప్పుల లెక్కలు, పొలం పని, పిల్లల బడి. విమానం ఆగిన కారణంగా మనామాలో ఒక సంబంధం మాట్లాడటానికి పోలేని మిత్రుడు, ఆసుపత్రిలో ఉన్న మేనమామను చూడలేకపోయినవాడు మా క్యాంపులోనే ఉన్నారు. ఖతర్‌లో భారతీయులు ఏడు లక్షలకు పైగా ఉన్నారు, బహ్రెయిన్‌లో మూడు లక్షలకు పైగా. ఆ తగాదాతో వీరెవరికీ సంబంధం లేదు. వీరిని అడిగి ఎవరూ సంబంధాలు తెంచుకోలేదు.

ఇదంతా చట్టం ప్రకారమే జరిగిందా అని చాలామంది అడుగుతారు. చాలామటుకు చట్టం దీన్ని జరగనిచ్చింది, అదే నా ఫిర్యాదు. 1944 డిసెంబరులో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ విమానయాన ఒప్పందం మొదటి నిబంధనే ప్రతి దేశానికీ తన గగనతలం మీద సంపూర్ణ అధికారం ఉంటుందని చెబుతుంది. షెడ్యూలు విమానాలు అనుమతి లేకుండా రాకూడదని ఆరో నిబంధన. అప్పుడే కుదిరిన మరో ఒప్పందం రెండు స్వేచ్ఛలు ఇచ్చింది: ఆగకుండా మీదుగా ఎగిరిపోవడం, ఇంధనం వంటి అవసరాలకు దిగడం. ప్రయాణికులను ఎక్కించుకుని దింపే హక్కు అందులో లేదు. దాన్ని ఏ రెండు దేశాలకు ఆ రెండు దేశాలే విడిగా మాట్లాడుకోవాలి. ఎవరికి కోపం వచ్చినా ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఖతర్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు ఫిర్యాదు చేసింది. దాన్ని విచారించే అధికారం ఆ సంస్థకు లేదని అవతలి దేశాలు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. అధికారం ఉందని న్యాయస్థానం 2020 జులై 14న తీర్పు ఇచ్చింది. విమానాలు ఆగిన మూడేళ్లకు, విచారించవచ్చు అన్న మాట మాత్రమే వచ్చింది! ఆ విచారణ ముగియకముందే 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఖతర్ చుట్టూ ఉన్న గగనతలంలో రాకపోకల నియంత్రణ అంతా అప్పట్లో బహ్రెయిన్ చేతిలోనే ఉండేది. దోహాకు సొంత విమాన సమాచార ప్రాంతం, అంటే తానే రాకపోకలను నడిపించే గగనతలం, 2022 సెప్టెంబరులో గానీ రాలేదు. పొరుగువాడి నియంత్రణ కేంద్రం మీద ఆధారపడిన దేశం పరిస్థితి ఏమిటో ఆ మొదటి వారాల్లో అందరికీ అర్థమైంది.

రాజీ కుదిరాక సౌదీకి, యూఏఈకి, ఈజిప్టుకు విమానాలు త్వరగానే మొదలయ్యాయి. బహ్రెయిన్‌కు మాత్రం ఇంకో రెండేళ్లకు పైగా పట్టింది. అందరికన్నా దగ్గరి ఊరికి అందరికన్నా ఆలస్యంగా.

నా వాదనకు బలమైన జవాబు ఒకటి ఉంది. దాన్ని దాటేసి పోను. "దేశాల మధ్య తగాదాలు వస్తాయి. యుద్ధం చేయడం కన్నా విమానాలు ఆపడం నయం కదా? తుపాకీ పేలలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. కాస్త ఇబ్బంది పడితే పడ్డారు." ఈ మాట నాతో అన్నవారు చదువుకున్నవారు, మంచివారు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. యుద్ధం కన్నా నయమే, ఒప్పుకుంటాను. కానీ ఏదైనా ఒత్తిడి సాధనాన్ని తూచేటప్పుడు అది ఎవరి మీద పడుతోంది, ఏం సాధించింది అన్న రెండూ చూడాలి. ఆ నాలుగు దేశాలు 2017 జూన్‌లో ఖతర్ ముందు 13 డిమాండ్లు పెట్టాయి, ఖతర్ వార్తా చానెల్ అల్ జజీరాను మూసేయాలన్నది వాటిలో ఒకటి. రాజీ కుదిరిననాటికి అల్ జజీరా నడుస్తూనే ఉంది. డిమాండ్ల జాబితాను ఖతర్ ఒప్పుకోకుండానే రాజీ కుదిరింది. ఖతర్ తన సరుకులకు ఇరాన్, తుర్కియే, ఒమన్ దారులు వెతుక్కుంది. మంత్రులు చర్చలకు ప్రత్యేక విమానాల్లో తిరిగారు. ఆగిపోయింది మామూలు టిక్కెట్టు కొనుక్కునేవాళ్లే. ఏమీ సాధించని, ఎవరి మీద పడకూడదో వారి మీదే పడిన సాధనాన్ని, యుద్ధం కన్నా నయమన్న ఒక్క కారణంతో సమర్థించడం నాకు చేతకాదు.

భద్రత కోసం మూయడం వేరే సంగతి. 2025 జూన్ 23న ఖతర్‌లో అమెరికా సేనలున్న అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన రాత్రి ఖతర్ తన గగనతలాన్ని మూసింది, బహ్రెయిన్ కూడా మూసింది. కొన్ని గంటల్లో తెరిచారు. దాన్ని తప్పు పట్టేవారు ఎవరుంటారు? ముప్పు ఉన్నంతసేపు మూత, ముప్పు పోగానే తెరవడం. 2017లో మూసిన దానికి గడువు లేదు, కారణం పోయిందో లేదో తేల్చేవారు లేరు.

మనకు దగ్గర్లో ఇంతకన్నా చేదు ఉదాహరణ ఉంది. అమృత్‌సర్ విమానాశ్రయం నుంచి లాహోర్ విమానాశ్రయానికి తిన్నగా 43 కిలోమీటర్లు. వాటి మధ్య ప్రయాణికుల విమానం లేదు. ఇటు నుంచి అటు విమానంలోనే పోవాలంటే దుబాయ్ వంటి చోట మారాలి, అంటే దాదాపు నాలుగువేల కిలోమీటర్లు. సంఝౌతా రైలు 2019లో ఆగింది. అట్టారీ చెక్‌పోస్టును 2025 ఏప్రిల్‌లో మూశారు. అక్కడి రక్తపాతం, ఉగ్రవాదం గల్ఫ్ తగాదా లాంటివి కావు, రెండింటినీ ఒకే గాటన కట్టను. కానీ దాదాపు అంతే దూరం ఇంకోచోట ఎలా ఉందో చూడండి: వియన్నా విమానాశ్రయం నుంచి బ్రాటిస్లావా విమానాశ్రయానికి 48 కిలోమీటర్లు. మధ్యలో ఒకప్పుడు ఇనుప తెర అని పిలిచిన ముళ్లకంచె ఉండేది. ఇప్పుడు బస్సు నడుస్తుంది. 2007 డిసెంబరు నుంచి సరిహద్దులో పాస్‌పోర్టు తనిఖీ మామూలుగా ఉండదు. వియన్నాలో దిగి బ్రాటిస్లావాలో విమానం ఎక్కవచ్చు.

ప్రచ్ఛన్న యుద్ధంలో కూడా పశ్చిమ బెర్లిన్‌కు విమానాలు ఆగలేదు, దీన్ని మనం మరిచిపోకూడదు. చుట్టూ తూర్పు జర్మనీ. పశ్చిమ జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సాకు ఆ ఊరికి ఎగిరే అనుమతి లేదు. అయినా 1990 దాకా అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల విమానాలు మూడు గగన మార్గాల్లో జనాన్ని చేరవేశాయి. ప్రపంచాన్ని నాలుగుసార్లు కాల్చగల ఆయుధాలు ఎదురెదురుగా పెట్టుకున్నవాళ్లు ఆ మూడు దారులను కాపాడుకోగలిగినప్పుడు, ఒకే భాష మాట్లాడుతూ, ఒకే గల్ఫ్ సహకార మండలిలో కూర్చునే రెండు దేశాలకు ఒక దారి కాపాడుకోవడం అసాధ్యమా?

బెర్లిన్ నుంచి నేను తీసుకునే పరిష్కారం కూడా అదే. పొరుగు దేశాలు విమాన ఒప్పందం రాసుకునేటప్పుడే, తగాదా లేని మంచి రోజుల్లోనే, ఒక నిబంధన చేర్చాలి. భద్రతా కారణాలు తప్ప మరే కారణంతోనూ ప్రయాణికుల సర్వీసును పూర్తిగా ఆపకూడదు. తమ సంస్థలను ఎగరనివ్వడం ఇష్టం లేకపోతే, ఎవరి పక్షానా లేని మూడో దేశపు సంస్థకు ఆ దారిలో రోజుకు కనీసం ఒక విమానం నడిపే అనుమతి దానంతట అదే రావాలి. 2017లో ఒమన్ విమానమో కువైట్ విమానమో దోహా నుంచి నేరుగా బహ్రెయిన్‌కు పోయి ఉంటే ఎవరి సార్వభౌమత్వం తరిగిపోయేది? జెండా వేరైతే చాలు, పరువు దక్కేది, జనం దారి దక్కేది.

ఇందులో మన ప్రభుత్వం అడగాల్సింది ఉంది. గల్ఫ్ సహకార మండలి దేశాల్లో దాదాపు 90 లక్షల మంది భారతీయులున్నారు. ఆ దేశాలతో మన విమాన చర్చలన్నీ వారానికి ఎన్ని సీట్లు అన్న లెక్క చుట్టూ తిరుగుతాయి. సీట్లు కావాలి, కాదనను. దానితో పాటు, గల్ఫ్‌లో రెండు దేశాల మధ్య విమానాలు ఆగిపోయిన పక్షంలో భారత విమాన సంస్థలు ఆ రెండింటినీ కలుపుతూ ప్రయాణికులను ఎక్కించుకునేలా ముందే హక్కు రాయించుకోవాలి. శంషాబాద్ నుంచి దోహాకు పోయే విమానం అక్కడి నుంచి బహ్రెయిన్‌కు పోయి తిరిగి రావడానికి కావలసింది అదనంగా రెండు మూడు గంటలు, ఒక సంతకం. గల్ఫ్ కార్మికుల సంఘాలు ఎంపీలకు ఇచ్చే వినతిపత్రాల్లో శవపేటికల ఖర్చు, జీతాల బకాయిలు, వీసా మోసాలు ఉంటాయి. అవన్నీ ముందుండాల్సినవే. వాటి కింద ఈ ఒక్క పేరా కూడా చేర్చమని నేను అడుగుతున్నాను.